దేశం ఎదిగిందని మూతపడుతున్న రొయ్యల షెడ్డు గురించి

ఎగుమతుల అధికారి గారికి, విజయవాడ.

అయ్యా,

విషయం: మన దేశం ఎదిగిపోయిందని రొయ్యల మీద రాయితీ తీసివేయుట, ఎదిగినవారు మా ఊళ్ళో కనపడకపోవుట.

మళ్ళీ అదే గొడవండి. పోయినసారి తమరు "పైకి రాస్తాం కొండలయ్య గారూ" అన్నారు. పైన అందిందో లేదో గానీ, కింద మాత్రం పని ఆగిపోయేట్టుంది. కనుక ఈ దిగువ మనవులు:

1. చల్లపల్లి దగ్గర మా ఊళ్ళో రొయ్యలు ఒలిచే షెడ్డు ఒకటి కలదు. మా ఆవిడ పద్మశ్రీ, ఇంకా ఊళ్ళో చాలామంది ఆడవాళ్ళు అందులో పని చేయుచున్నారు. మన సరుకు కొనే ఒక పెద్ద దేశం వారు, పేద దేశాల సరుకని ఇన్నాళ్ళూ సుంకం తగ్గించేవారు. ఇప్పుడు మనం పేదవాళ్ళం కాదన్నారు. కొనేవాళ్ళు రాయితీ ఉన్న ఇంకో దేశానికి పోయారు. ఈ వారం ఆర్డరు రాకపోతే తాళమేనని షెడ్డు యజమాని కిరీటి గారు చెప్పేశారు.

2. కిరీటి గారు రొయ్యలు కొనేముందు చెరువులో విసురువల వేసి రొయ్య సైజు చూపించడం నా పని. ఒకసారి నా బదులు మా బామ్మర్ది జానకిరామ్ వెళ్ళి, మేత పడేచోటే వల వేశాడు. అక్కడ పెద్దవే చేరతాయి. చెరువంతా అదే సైజనుకుని కొంటే, తీరా చెరువంతా పట్టాక అన్నీ పొట్టివే. కిరీటి గారు గట్టు మీదే అందుకున్నారు: "నాలుగు మూలలా వెయ్యాలని తెలీదంట్రా? మేత కాడ వేసి చెరువంతా బలిసిందంటావేంటి!"

మన దేశాన్ని కొలిచినవాళ్ళు కూడా విజయవాడ బెంజ్ సర్కిల్ మేడల మధ్య వల వేసి వెళ్ళిపోయినట్టున్నారు.

3. రాయితీ ఉన్న ఆ దేశాన్ని నేను తిడుతుంటే మా ఆవిడ ఊరుకోలేదు. "ఆళ్ళ షెడ్డులోనూ నాలాంటోళ్ళేగా, ఐసులో వేళ్ళు కొంకర్లు పోతా ఒలిచేది. ఆళ్ళ నోటికాడ కూడు లాగి మనకెయ్యమని మాత్రం రాయమాకు" అంది. రాయలేదని గమనించ ప్రార్థన. వాళ్ళది వాళ్ళకుంచి, మాది ఒక్క దెబ్బకు తీసేయకుండా మెల్లగా తగ్గించమని తమరు గట్టిగా అడగాలి.

4. మన సరుకు కొనే ఆ పెద్ద దేశం వారు విజయవాడ వస్తున్నారని పేపర్లో చూశాను. ఒక్క పూట ఇటు తీసుకురండి. షెడ్డు ముందు చూపించి, తర్వాత భోజనం పెడతాం. భోజనం ముందైతే మళ్ళీ ఎదిగామంటారు.

ఈ నాలుగు ముక్కలూ తమ మనసులో పెట్టుకోవలెనని కోరుచు,

తమ విధేయుడు,
కొండలయ్య

తా.క. సంతకం పెట్టాక రాయకూడదు గానీ, షెడ్డు మూస్తే విజయవాడ గుణదలలో ఇళ్ళ పనికి పోతానంటోందండి మా ఆవిడ. పెళ్ళైన కాడ్నుంచీ రొయ్య వాసనని ఆట పట్టించేవాణ్ణి. నిన్న సబ్బుతో చేతులు తెగ రుద్దుకుంటోంది. ఏంటే అంటే, "ఆళ్ళ వంటింట్లోకి రానియ్యాలిగా" అంది. జోకు మానేసి చెంబుతో నీళ్ళు పోశాను. తమరు ఎట్టాగైనా... ఉండండి, పిలుస్తోంది. "ఏవయ్యో, షెడ్డు కాడ లారీ ఆగిందంట, బేగి రా!" సరుకు దింపడానికో, మిషన్లు ఎక్కించుకుపోడానికో చూసొచ్చి మిగతా