ఏసీ మీద నోరెత్తనని ఒట్టు

ఏప్రిల్ 8, బుధవారం

నాకు రాయడమంటే ఉత్తరం రాయడమే తెలుసు. కాబట్టి అట్లాగే మొదలుపెడుతున్నాను. అబ్బాయి శ్రీకృష్ణకి నడుంనొప్పి ఎట్లా ఉంది? కోడలు సుభాషిణికి తలనొప్పి తగ్గిందా? నన్ను చూసినప్పుడల్లా వస్తుంది, తగ్గే రకం కాదు. పొన్నూరులో మనవరాలు శ్రీరమ్య కులాసాయేనా? దాని చంటిపిల్లకి చెమటకాయలు మాడాయా? నా బీపీ సంగతి ఎవరూ అడగరు గనక నేనే అడుగుతున్నాను. ఉంది.

ఈ డైరీ ఎరువుల కొట్టువాళ్ళు పంచింది. నోటిదాకా వచ్చిన మాటలన్నీ ఇందులో రాసెయ్యమని, పైకి అనవద్దని శ్రీరమ్య ఫోనులో చెప్పింది. ఇంట్లో ఏసీ ఉంటేనే వేసవికి పిల్లని తీసుకొస్తుందట. అబ్బాయి సరేనన్నాడు. నాకు మాత్రం షరతు పెట్టాడు. పోయినేడు కూలర్ తెస్తే, ఆ నీళ్ళలోకి పాములు చేరతాయని గోలపెట్టి వెనక్కి పంపించానట. ఈసారి నోరెత్తితే ఏసీ లేదు, పిల్లా రాదు.

మూడో నెలలో తీసుకెళ్ళారు చంటిదాన్ని. ఇప్పుడు బోర్లా పడుతోందట. నేనింకా చూడలేదు.

ఒట్టు. ఏసీ మీద నోరెత్తను. అదేమంత పని.

ఏప్రిల్ 10, శుక్రవారం

గుంటూరు వెళ్ళి ఏసీ చూశాం. కొట్టాయన మెడకి టై, కాళ్ళకి హవాయి చెప్పులు. గోడకి పెట్టేదైతే బయట ఇంకో పెట్టె కూడా బిగించాలట. కిటికీలో పెట్టేదైతే అంతా ఒకటే పెట్టె. అబ్బాయి కిటికీదే అన్నాడు. కోడలు గోడదే అంది. పావుగంట మొహాలు ముడుచుకుని కిటికీదాని దగ్గరే ఆగారు. పెట్టె మీద నక్షత్రాలు అంటించారు. ఎన్ని ఎక్కువుంటే కరెంటు అంత తక్కువ కాలుతుందట. పెట్టెలకి కూడా జాతకాలు వచ్చాయన్నమాట.

నేను నోరెత్తలేదు. చంటిపిల్ల చలికి బిగుసుకుపోతుందేమోనని కొట్టాయన్ని ఒక్కటంటే ఒక్కటే అడిగాను. ఇరవై ఆరులో పెట్టుకోండి మామ్మగారూ, ఏం కాదన్నాడు. అమ్ముకునేవాడు ఇంకేమంటాడు? అయినా ఆయన మన ఇంటి మనిషి కాదు. లెక్కలోకి రాదు.

ఏప్రిల్ 13, సోమవారం

ఎదురింటి రహిమున్నీసా వచ్చి ఏసీ పాఠం చెప్పింది. వాళ్ళింట్లో రెండేళ్ళుగా ఉంది లెండి. తలుపు వేసుకోవాలట, ఫ్యాను సన్నగా తిరగాలట, దుప్పటి దగ్గర పెట్టుకోవాలట. రోళ్ళు పగిలే ఎండల్లో దుప్పటి! చలి కొనుక్కోవడం ఎందుకు, దాన్నుంచి దాక్కోవడం ఎందుకు?

మిరపకాయలు బస్తాలకి తొక్కి, ఆ టిక్కీలని కోల్డ్ స్టోరేజీలో పెడతాం, ధర వచ్చాక బయటికి తీస్తాం, మరి నిన్ను ఏ ధరకి తీస్తారని అడిగాను. మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. ఆవిడా బయటి మనిషే. లెక్కలోకి రాదు.

ఏప్రిల్ 16, గురువారం

మెకానిక్ ఖలీల్ వచ్చాడు. పెరటి వైపు కిటికీ చువ్వలు కోసేశాడు. దొంగలకి దారి వేసినట్టే. పెట్టె వెనక్కి వాలి ఉందన్నాను. నీళ్ళు బయటికి పోవాలి మామ్మా, లేకపోతే మీ మంచం మీదే కారతాయన్నాడు. చుట్టూ సందుల్లో థర్మాకోల్ ముక్కలు దూర్చాడు. చీమ దూరే సందు లేదు. ఇంత బిగిస్తే చంటిది ఊపిరి ఎక్కడ పీల్చుకుంటుందని అడిగాను. అబ్బాయి విన్నాడు.

"అమ్మా, ఒట్టేశావు."

"నీతో అన్నానట్రా? ఖలీల్‌తో అన్నాను."

సాయంత్రం పెరట్లోకి వెళ్ళి చూశాను. ఏసీ వెనక నుంచి పొయ్యి మీద పెనంలా వేడిగాలి. ఇంత వేడీ దండగ పోతోంది. ఇంట్లో ఒక్కరికైనా పట్టిందా?

ఏప్రిల్ 19, ఆదివారం

మబ్బు పట్టి రెండు రోజులైంది. ఇంటి కారానికి ఉంచుకున్న మిరపకాయలు మెత్తబడ్డాయి. ఏసీ వెనక పట్టా పరిచి పోశాను. నోరెత్తలేదు కదా, చేతులేగా ఆడించింది. పనిలో పనిగా చంటిదాని ఊపిరికని ఒక థర్మాకోల్ ముక్క కూడా లాగేశాను.

భోజనాలయ్యాక అబ్బాయీ కోడలూ ఆ గదిలో పడుకుని, శ్రీరమ్యకి వీడియోలో ఏసీ చూపిస్తున్నారు. బయట నా మిరపకాయలు గలగలలాడుతున్నాయి. ఇంత తెలివి కొట్టాయనకి కూడా లేదని మురిసిపోతున్నాను.

లోపల దగ్గు. తరవాత తుమ్ములు. తరవాత రెండూ కలిపి. అబ్బాయి మొహానికి తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చాడు. వెనకే కోడలు, కళ్ళు నా మిరపకాయల కంటే ఎర్రగా. ఎవరు పోశారని అడిగాడు. నేను నోరెత్తలేదు. థర్మాకోల్ ముక్క నా ఒళ్ళోనే ఉంది.

ఫోను ఇంకా నడుస్తోంది. అందులోంచి శ్రీరమ్య గొంతు.

"ఆ గదిలోకేనా నాన్నా, నా పిల్లని తెమ్మంటున్నారు?"

పెట్టేసింది.

ఏప్రిల్ 20, సోమవారం

మబ్బు విడిచింది. ఏసీ ఊడదీయమని అబ్బాయి ఖలీల్‌కి ఫోను చేశాడు. గురువారం వస్తాడట.

మా పెరట్లో ఇక పోయనివ్వరు గనక, పట్టా మూటగట్టి నేనే ఎదురింటి డాబా మీదికి మోశాను. ఎండబెట్టుకోవడానికి చోటిమ్మని అడగడానికి ప్రాణం చచ్చిపోయింది. రహిమున్నీసా అడ్డు చెప్పలేదు.

"పోసుకో పున్నమ్మా. ఒళ్ళంతా చెమట్లు పట్టాయి. మా కోల్డ్ స్టోరేజీలో కాసేపు కూర్చుని వెళ్ళు."

కూర్చున్నాను. దుప్పటి ఇచ్చింది. కప్పుకున్నాను. ఎట్లా ఉందో రాయను. ఇది ఎవరి చేతుల్లో పడుతుందో.

ఏప్రిల్ 22, బుధవారం

థర్మాకోల్ ముక్క మళ్ళీ దూర్చాను. గదంతా తడిగుడ్డతో రెండుసార్లు తుడిచాను. శ్రీరమ్యకి వీడియో కలపమని కోడలిని బతిమాలాను. కోడలిని. నేను.

"ఏసీకేం రోగం లేదు తల్లీ. రోగం నాది. నేను ఇందులో పడుకుంటాను, చూస్తూ ఉండు. ఒక్క దగ్గు వినపడితే రావద్దు."

తలుపు వేసుకుని, ఫోను ఎదురుగా నిలబెట్టి, దుప్పటి కప్పుకుని పడుకున్నాను. దగ్గకూడదని గొంతు బిగబట్టాను. ఆ తరవాత సంగతి నాకు తెలీదు.

లేచేసరికి గుమ్మంలో అబ్బాయీ కోడలూ నవ్వుతున్నారు. గురక పొన్నూరు దాకా వినపడిందట. చంటిది ఆ చప్పుడికి కిలకిలలాడి, ఫోను అందుకోబోయి బోర్లా పడిందట. ఈ ఇంట్లో అందరూ చూశారు, నేను తప్ప.

ఖలీల్‌ని రావద్దన్నారు.

ఏప్రిల్ 24, శుక్రవారం

పాత ఒట్టు చెల్లదు. ఇవాళ్టి నుంచి కొత్తది. ఏసీ మీద నోరెత్తను. బయటివాళ్ళతో కూడా. చేతులు కూడా ఆడించను.

పొద్దున శ్రీరమ్య ఫోను చేసి రోజు చెప్పింది. అంతా నా మొహమే చూశారు. చంటిపిల్లతో ఆ వారం నాడు ప్రయాణమేమిటని నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. రా తల్లీ, అన్నాను. అబ్బాయి కంగారుపడి నా బీపీ చూపించాడు.

మే రెండు. శనివారం.