మీ డిఫెన్స్ నోట్‌బుక్

ఏమండీ,

ఈ ఐర్లండ్ ఊరు అత్లోన్‌లో పాఠాలు చెప్పడం అయ్యాక కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు డిఫెన్స్ నేర్పుతూ పదకొండేళ్లు మీరు రాసుకున్న నోట్‌బుక్, ఆపరేషన్‌లో మీరు పోయాక కనిపించలేదు. మీ అసిస్టెంట్ షేన్ మీదే నా అనుమానం. పరామర్శకొచ్చినప్పుడు కూడా నా కళ్లలోకి చూడలేదతను.

ఈరోజు ఫైనల్. మైదానం పక్కన ఇంకో కొత్త ఇళ్ల ఎస్టేట్ లేస్తోంది. మీ స్థానంలో షేనే కోచ్. డిఫెండర్లు అచ్చం మీరు నిలబెట్టినట్టే నిలబడి, ఒక్క గోల్ కూడా పోనివ్వలేదు. అందరూ అతన్ని మెచ్చుకుంటుంటే ఒళ్లు మండి, "మా ఆయన నోట్‌బుక్ నువ్వే తీశావా?" అని అడిగేశాను.

తల దించుకున్నాడు. "ఆపరేషన్‌కు నెల ముందు ఆయనే ఇచ్చారు. మీకు చెప్పొద్దన్నారు. చెబితే, ఆయన ఇక తిరిగి రారని మీకు తెలిసిపోతుందట."

ఆ నెలంతా ఒంట్లో ఎలా ఉందని అడిగినప్పుడల్లా, బాగానే ఉందనడానికి ఇక్కడివాళ్లు అన్నట్టే "గ్రాండ్" అన్నారు మీరు. మిమ్మల్ని మాత్రం ఒక్కసారి కూడా అనుమానించలేదండీ.