ఎర్ర దారం కట్టిన గ్లాసు

వదినా,

ఈ ఉత్తరం అన్నయ్య కంట పడనివ్వకండి. చూస్తే మా ఆయనతో గొడవకు వస్తాడు, ఆ తర్వాత పడేది నేనే.

షాపులో స్కూలు యూనిఫాంల కుట్టుపని తలమునకలుగా ఉంది. నా మాత్రలు బొత్తాల డబ్బాలో దాచుకుని అక్కడే వేసుకుంటున్నాను. ఇంట్లో ఉంటే ఆయన కాలవలో పారేస్తున్నారు.

లోపల పుండు పడింది. మానేదాకా ఆయన్ని దగ్గరికి రానివ్వొద్దని, మానాక కూడా కండోమ్ లేకుండా వద్దని క్లినిక్‌లో నర్సమ్మ చెప్పింది. ఆ మాటే ఆయనతో అన్నాను. "హెచ్ఐవి ఇద్దరికీ ఉన్నదేగా, ఇంకా దేనికి నీ భయం?" అన్నారు. తర్వాతి సంగతి రాయలేను. ఎడమ చెయ్యి పైకి లేవడం లేదు. మిషను మీద గుడ్డ కుడిచేత్తోనే తోస్తున్నాను.

పుండు మానేదాకా మీ ఇంట్లో ఉండనిస్తారా? వంటగదిలోకి రాను. పిల్లల్ని ఎత్తుకోను. పోయినసారి నా గ్లాసుకు మీరు గుర్తుగా కట్టిన ఎర్ర దారం చూశాను. నేనిచ్చిన రీలులోదే. గ్లాసు వల్ల అంటదని నర్సమ్మ చెప్పింది కానీ, మీ భయం మీది. ఆ రాత్రి మీ ఇంట్లో తలుపు గడియ వంక చూడకుండా నిద్రపోయాను. నాకు అదే గుర్తుంది.

సరేనంటే షాపుకు ఫోన్ చేసి, యూనిఫాం కుట్టించాలి అనండి చాలు.

గ్లాసు నేనే తెచ్చుకుంటాను. దారం కూడా కట్టే తెస్తాను.

మీ ఆడపడుచు