చిట్టియ్య ముక్కు

మొగల్తూరు,
మే 2

చిరంజీవి సుధకు,
అక్క దీవించి రాసేది.

ఈ ఉత్తరం తెచ్చిన కారులోనే చిట్టియ్య వస్తున్నాడు. పది పన్నెండు రోజులుగా వాడి కుడి ముక్కులోంచి రక్తం. ధార కాదు, చుక్కలు. తుమ్ముతాడు, తల విదిలిస్తాడు, గచ్చు మీద ఎర్రగా పడతాయి. నరసాపురంలో డాక్టరుగారు రెండు సూదులు వేశారు. రెండు రోజులు ఆగి మళ్ళీ మొదలైంది. అక్కడ పెద్ద ఆసుపత్రి ఉందన్నావని పంపుతున్నాను.

ఫోన్ చెయ్యకు. వాడి ముక్కు బాగుపడాలని వైశాఖ పాడ్యమి నుంచి నలభై రోజులు మౌనం మొక్కుకున్నాను. రాత మాట కాదు కనుక రాస్తున్నాను. మెసేజీలు చూడటం నాకు రాదని నీకు తెలుసు.

పెరుగన్నం తింటాడు. ఐదింటికి లేస్తాడు. గుడ్డు అలవాటు చెయ్యకు. మంచం ఎక్కనివ్వకు.

మందు కోసం పంపుతున్నాను. ఇచ్చెయ్యడం లేదు.

నీ సత్యక్క

*

రాజమహేంద్రవరం,
మే 7

ప్రియమైన పెద్దక్కా,

ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో. స్పీడ్ పోస్టు కౌంటర్లో అమ్మాయి నన్ను చూసి "ఉద్యోగానికి అప్లికేషనాండీ?" అంది. మా అక్కకి ఉత్తరం అంటే నమ్మలేదు.

డాక్టరుగారు రక్తపరీక్షలన్నీ చేయించారు. ఒంటిమీద గోమార్లు కరిచి వచ్చే జ్వరమేమో అనుకున్నారు, కాదట. రక్తం గడ్డకట్టడం బాగానే ఉందట. "బయట తిరిగే కుక్కాండీ?" అని అడిగారు. "మా అక్క మడి మీకు తెలీదండి, మాకంటే శుభ్రంగా పెంచింది వాణ్ణి" అన్నాను. మాత్రలు రాశారు. మూడు రోజులుగా చుక్క లేదు.

ఒక చిక్కు వచ్చింది. మా వాచ్‌మేన్ పేరు కూడా చిట్టియ్యే. మేం కుక్కని పిలిస్తే ఆయన "ఏంటమ్మా" అంటూ మూడు అంతస్తులు ఎక్కి వస్తున్నాడు. అందుకని మా అమ్మాయి హరిచందన వీడికి బన్నీ అని పేరు పెట్టింది. పలుకుతున్నాడు. మీ మరిదిగారు ఆఫీసునుంచి రాగానే చెప్పుల దగ్గర కూర్చుంటాడు. నా మంచం మీదే నిద్ర. ఉడికించిన గుడ్డు పెడితే రెండోది కూడా అడిగాడు. తిట్టకు.

నీ సుధ

*

మొగల్తూరు,
మే 10

చిరంజీవి సుధకు,
ఆశీస్సులు.

పరీక్షలు బాగున్నందుకు దణ్ణం పెట్టుకున్నాను.

వాడి పేరు చిట్టియ్య. ఆరేళ్ళ కిందట తుఫానులో అరుగు మీదికి వచ్చిన రోజు నేను పెట్టాను. వాచ్‌మేన్ గారికి వేరే పేరు పెట్టుకోండి.

నీ ఇంట్లో వాణ్ణి పిలవడానికి మూడు నోళ్ళున్నాయి. మీ బావగారు పోయాక ఈ ఇంట్లో మాట్లాడేది నేనొక్కదాన్ని, వినేది వాడొక్కడు.

నా పట్టు జడకుచ్చులు రెండు రోజులని తీసుకున్నావు. నీ పెళ్ళిదాకా నీ జడలోనే ఉన్నాయి. పెద్దదాన్ని కదా అని అడగలేదు. ఈసారి ముందుగానే అడుగుతున్నాను. మందుల కోర్సు ఏ రోజుతో అయిపోతుంది?

సత్యక్క

*

రాజమహేంద్రవరం,
మే 14

ప్రియమైన పెద్దక్కా,

జడకుచ్చులు! ముప్పై ఏళ్ళు దాటింది. మీ మరిదిగారికి చదివి వినిపిస్తే, "మీ అక్కగారికి మతిమరుపు రావాలని మొక్కుకో" అన్నారు.

అసలు సంగతి రాస్తున్నాను, కోప్పడకు. ఇక్కడికొచ్చాక పది రోజులుగా ఒక్క చుక్క లేదు. డాక్టరుగారు ఇంట్లో పొగ ఉంటుందా అని అడిగారు. నువ్వు రెండు పూటలా సాంబ్రాణి వేస్తావని చెప్పాను. "పొగ పడకపోవచ్చండి" అన్నారు. నువ్వు పూజ మానలేవు, మానమని నేను అనలేను. అలాంటప్పుడు బన్నీ ఇక్కడే ఉండిపోతే వాడికే మంచిది కదా? హరిచందన వాడికి కొత్త మెడపట్టీ కూడా కొంది. నువ్వు ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చి చూసుకోవచ్చు.

బాగా ఆలోచించి రాయి.

సుధ

*

మొగల్తూరు,
మే 17

సుధకు,

రక్తం మళ్ళీ వస్తుంది. ఆగినట్టు కనిపిస్తోంది, అంతే. వచ్చిన రోజునే వాణ్ణి ఇక్కడికి తీసుకురా. నా దగ్గర తగ్గుతుంది. ఎలాగని అడగకు.

సాంబ్రాణి పొగ ఆరేళ్ళుగా ఉంది. ముక్కు ఈ వేసవిలో చెడింది.

నా కుక్కను నేను వచ్చి చూసుకోవచ్చని రాశావు. ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను.

సత్యక్క

*

రాజమహేంద్రవరం,
మే 22

అక్కా,

నీ మాటే నిజమైంది. నీ ఉత్తరం అందిన మర్నాడే మొదలైంది. ఈసారి చుక్కలు కాదు. వాడికి వేసిన దిండు గలీబు తడిసిపోయింది. వాడు ముందుకాళ్ళతో ముక్కు రుద్దుకుంటుంటే చూడలేకపోతున్నాం. హరిచందన రెండు రోజులుగా సరిగా తినడం లేదు.

అందరి మంచీ కోరేదానివి, మళ్ళీ వస్తుందని ఎలా రాయగలిగావు? నాకు దక్కకూడదనే కోరుకున్నావా?

తీసుకురావడం కుదరదు. ఎండల్లో ప్రయాణం వద్దన్నారు. లోపల కణితి ఉందేమోనని డాక్టరుగారి అనుమానం. సోమవారం విజయవాడ తీసుకెళ్ళి, మత్తిచ్చి, ముక్కులోకి కెమెరా పంపి చూస్తారట. రక్తం చాలా పోయింది కాబట్టి మత్తు తట్టుకుంటాడో లేదో చెప్పలేమన్నారు. సంతకం పెట్టమన్నారు. పెట్టాను. నీ కుక్కకి నేను సంతకం పెట్టాను. అదీ రాసుకో నీ మనసులో.

సుధ

*

రాజమహేంద్రవరం,
మే 28

మా అక్కకు,
పాదాలకు దణ్ణం పెట్టి రాస్తున్నాను.

ఆదివారం పొద్దున్న ఫోన్లో నీ పేరు చూసి, నీకే ఏదో అయిందని భయపడ్డాను. హలో కూడా అనలేదు నువ్వు. "సుధా, వాడి ముక్కులో జలగ ఉంది. మధ్యాహ్నం దాకా నీళ్ళు పెట్టకు. తర్వాత చన్నీళ్ళ గిన్నె ముక్కు కింద పెట్టి ఉంచండి. అదే బయటికొస్తుంది. విజయవాడ వద్దు" అన్నావు. ఫోన్ పెట్టేశావు.

డాక్టరుగారు మొదట నవ్వబోయి ఆగిపోయారు. "కాలవ నీళ్ళు తాగుతాడాండీ?" అన్నారు. నాకేం తెలుసు. ఆయన దగ్గరే కూర్చోబెట్టి, గిన్నె పట్టుకుని పావుగంట ఉన్నాం. వాడు నాలుక చాపబోతే మీ మరిదిగారు మెడ పట్టుకుని "ఆగరా బాబూ, నీకు కాదు, నీ అతిథికి" అంటున్నారు. అప్పుడు కుడి ముక్కులోంచి నల్లగా, నిగనిగలాడుతూ తల తొంగిచూసింది. డాక్టరుగారు పట్టకారుతో పట్టారు. జానెడు లేదు గానీ నాకు అంతే కనిపించింది. హరిచందన కుర్చీ ఎక్కింది. మూడు రోజులైంది, ముక్కు పొడిగా ఉంది. నిన్న రెండు పూటలా తిన్నాడు.

అక్కా, నీకు ధ్యానంలోనే తెలిసింది కదూ? "మళ్ళీ వస్తుంది" అని ముందే రాశావు. నా దగ్గర తగ్గుతుంది అన్నావు. నేను శాపమనుకున్నాను. ఇప్పుడు మా అపార్టుమెంటులో అందరికీ నీ సంగతి చెప్పాను. రెండో అంతస్తు అమ్మాజీగారు మొగల్తూరు వచ్చి నీ చేత తలమీద అక్షింతలు వేయించుకుంటానంటున్నారు.

నేనూ ఒకటి చెప్పాలి. వాడు నా మంచం ఎక్కలేదు. మొదటి రోజునుంచీ వీధి తలుపు దగ్గరే పడుకున్నాడు. ఐదింటికి లేచి తలుపు వైపు చూస్తాడు. బన్నీ అంటే చెవి కూడా కదపడు, గుడ్డు చూపిస్తే తప్ప. చిన్నప్పటినుంచీ ఇంట్లో అందరూ "సత్యని చూసి నేర్చుకో" అనేవాళ్ళు. ఒక్క కుక్కైనా నన్ను ఎంచుకుందని నీకు రాయాలనిపించింది. అందుకే రాశాను.

ఈ ఆదివారం తీసుకొస్తున్నాం.

నీ చెల్లి సుధ

*

మొగల్తూరు,
మే 31

ప్రియమైన సుధకు,

బయలుదేరే ముందు ఇది చదువు. అందుకే పోస్టులో కాకుండా కారులో పంపుతున్నాను.

నాకు ధ్యానంలో ఏదీ తెలియలేదు. మే పద్నాలుగున గేదెల బుల్లియ్య పెరటి గుమ్మం దగ్గర ఆగి, "కుక్క కనపడట్లేదేంటండి అమ్మగారూ?" అన్నాడు. ముక్కు చూపించాను, చేత్తో చుక్కలు చూపించాను. "ఒక ముక్కేనాండి?" అన్నాడు. తలూపాను. "అయితే జలగండి. మా దూడకీ అయింది. ఆగినట్టే ఉంటాదండి, మళ్ళీ కారతాది. దాహం పెట్టి చన్నీళ్ళు చూపించండి, అదే వచ్చేస్తాది" అన్నాడు.

నీ ఉత్తరం మర్నాడు వచ్చింది. వాడు అక్కడే ఉండిపోతే మంచిదని రాశావు.

జలగ అని రాయడానికి ఒక కార్డు చాలు. రాస్తే నీ ఇంట్లో బాగుపడతాడు, నీవాడైపోతాడు. ఇక్కడికి వస్తే నా చేతుల్లో బాగుపడతాడు. అందుకని అలా రాశాను. మొక్కు ఉంది కాబట్టి ఫోన్ చెయ్యలేనని నాకు నేను చెప్పుకున్నాను. పదకొండు రోజులు. రోజూ రెండు పూటలా దీపం కూడా పెట్టాను.

సంతకం పెట్టానని నువ్వు రాసింది ఆదివారం పొద్దున్న మళ్ళీ చదివాను. అప్పుడు నోరు తెరిచాను.

జలగ ఎక్కడిదో కూడా విను. మడి పేరుతో వాడి నీళ్ళ గిన్నె ఎప్పుడూ గడప లోపల పెట్టలేదు. నేను పూలు కోస్తుంటే వాడు కాలవలో తాగి వచ్చేవాడు. ఏప్రిల్లో కాలవకి నీళ్ళు ఆపేశాక మిగిలిన మడుగులోనూ తాగాడు. చూస్తూనే ఉన్నాను.

అమ్మాజీగారిని రావద్దని చెప్పు. ఎందుకో కూడా చెప్పు.

బన్నీ అంటే చెవి కదపలేదని రాశావే, ఆ వాక్యం మూడుసార్లు చదివాను. ఇంకా నేను అలాంటిదాన్నే. నువ్వు అబద్ధం రాసి నన్ను ఏడిపించావు. నేను నిజం దాచి వాణ్ణి ఏడిపించాను.

మిగిలిన పన్నెండు రోజులూ మౌనం పట్టడం లేదు. మాట్లాడకుండా ఉండటం నాకు మరీ సులువుగా వస్తోంది. అది మొక్కు కాదు.

వాడికి ఇవేమీ తెలియవు. కారు దిగగానే నా మీదికి దూకుతాడు. అంతకు ముందు నీకు తెలియాలి. ఇదంతా చదివాక వాణ్ణి నీ దగ్గరే ఉంచుకోవాలనిపిస్తే ఉంచుకో. నేను అడగను. ఈసారి పెద్దదాన్నని కాదు.

తీసుకొస్తే, గిన్నె వంటింటి గడప లోపలే ఉంది. పొద్దున్నే కడిగి నింపాను.

నీ అక్క,
సత్యలక్ష్మి