28లో వినమని 144లో పిలిచినందుకు

అధ్యక్షులు అబూ గస్సాన్ గారికి,

నిన్న మన రేడియో క్లబ్ తలుపుకు నేను అంటించిన రాజీనామాను శుక్రవారం సమావేశంలో చదవవద్దని మనవి. చదివితే నా పేరు కొట్టేస్తారు.

మూడు సాయంత్రాలు రేడియోలో గొంతు చించుకుని పిలిచినా ఒక్కరూ పలకలేదు. అందుకే పెద్దలంతా కూడబలుక్కుని యువతరం నోరు నొక్కుతున్నారని రాశాను. మా అక్క లుబ్నా దాని నకలు చదివి, నా రేడియోకు తగిలించిన కొత్త పెట్టె వైపు చూసింది.

"ఒరే, రేడియో 28 మెగాహెర్ట్జ్ అని చూపించినా ఈ పెట్టె దాన్ని 144 చేసి పంపుతుందని దీనిమీదే రాసుంది కదరా. వాళ్లకేం చెప్పావు?"

"28లో వినమన్నాను."

"పాపం, అక్కడే విని ఉంటారు. లోకాన్ని మార్చే కరపత్రాలు తర్వాత చదువుదువుగాని, ముందు పెట్టె మీది ఈ చీటీ చదువు."

మూడు రోజులూ యాలకుల కాఫీ చల్లారిపోతున్నా మీరు రేడియో ముందు నుంచి లేవలేదని కార్యదర్శి చెప్పారు. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా ఆ రాజీనామాలో మన క్లబ్ విరిగిన కుర్చీల గురించి రాసిన పేరా మాత్రం సభలో చదవండి, అందులో తప్పు లేదు.

ఈరోజు ఐదింటికి 144లో పిలుస్తాను. మీరు పలికితే క్షమించారనుకుంటాను. పలకకపోతే ముందు తీగలు సరిచూసుకుంటాను, కోపం ఆ తర్వాతే.

ఇంకా సభ్యుడినే అనుకుంటున్న
మీవాడు