తలుపు మీది చిలుకలు

రాజమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పాలకుర్తిలో మనం చేసిచ్చిన తలుపు చూసి, ములుగు వడ్రంగి ఒకాయన బండి కట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, గా చిలుకల రెక్కలు ఎట్ల చెక్కినవ్? జర చూపియ్యరాదే" అన్నాడు.

అవి నువ్వు చెక్కినవని ఎవరికీ చెప్పలేదు. మెచ్చుకున్న ప్రతివారి ముందూ నేనే తలూపాను. ఈసారి ఉలి పట్టక తప్పలేదు. చెక్క నార వెంటే ఉలి నడపాలని నువ్వెన్నిసార్లు చెప్పినా, ఎదురు నడిపాను. రెక్క చీలిపోయింది.

"చెక్క మంచిది గాదు" అన్నాను.

అతను వేలితో తడిమి చూశాడు. "మంచిగనే ఉన్నదన్నా."

అప్పుడు చెప్పాను, చెక్కింది నా భార్య అని, ఆమె ఇప్పుడు లేదని.

"ఆమె ఉన్నప్పుడు చెప్తే ఏం పోతుండె?" అన్నాడు.

చీలిన ముక్కలు ఏరుతూ కూర్చున్నాను.