అనుబంధంలో అమ్మ జోలపాట

అక్కకు నమస్కారం. నేనూ మనవరాలూ బాగానే ఉన్నాం, బెంగపెట్టుకోకు.

"అమ్మమ్మా, మీ అమ్మ జోలపాటని అనుబంధంలో పెట్టాను" అంది మొన్న. ఎంత ప్రేమో అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. "పిచ్చి అమ్మమ్మా! పరిశోధన పుస్తకంలో చివర చేర్చే కాగితాల్ని అలా అంటారు" అని ఒకటే నవ్వు. పాట ఆఖరి పాదం నాకు గుర్తురాక అక్కడ చుక్కలు పెట్టింది. అమ్మ గొంతు వినిపిస్తోంది గానీ మాటలు అందడం లేదక్కా. ఇరవయ్యో తేదీన బైండుకి ఇస్తుందట. ఈలోగా రాసి పంపు.

మోకాలినొప్పి తగ్గిందా? పడుకునే ముందు గ్యాసు కట్టేస్తున్నావా? బావగారికి నమస్కారాలు, పిల్లలకు దీవెనలు. నీకూ గుర్తులేకపోతే ఇంకెవర్ని అడగను? అమ్మ పక్కలో పడుకుని విన్నవాళ్ళలో మనిద్దరమేగా మిగిలాం.

నీ చెల్లెలు